మా కాంచళికి మీ లైబ్రరీలో నంబరెంత?

మన గద్వాల గడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో ఒక పుస్తకం అచ్చు వేయించారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ఈయన తిట్లకు దిగలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి, 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి ముందు పెట్టారు. లేరన్న నోరు మూతపడింది. ఈ ముచ్చట పాలమూరు బడుల్లో సార్లు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. చెప్పాలి కూడా.

మేము ఆ ముచ్చటకు ఒక ప్రశ్న కలుపుతున్నాం. ఆ సంచిక లెక్కపెట్టింది రాసిన వాళ్లను. తీజ్ పండుగకు పాట కట్టిన యాడి, అద్దాలు కుట్టిన దాది, ఈత బరిగెలతో గంప అల్లిన ఎరుకల అవ్వ, తేనె కోసం కొండ చరియ మీదికి తాడు పేనిన చెంచు తాత ఏ సంచికకు ఎక్కారు? తొంభై ఏండ్లు దాటిపోయాయి. ఇప్పుడు మన పిల్లలు యూనివర్సిటీ మెట్లు ఎక్కి, లైబ్రరీ కౌంటర్ దగ్గర నిలబడి తమ కళ మీద పుస్తకం అడిగితే వచ్చే జవాబు పాతదే: లేవు. పుస్తకాలు లేవన్న మాట రెండడుగులు నడిస్తే చాలు, మీకు కళ లేదన్న మాటవుతుంది. ఇంకో అడుగు వేస్తే, మీకు హక్కు లేదన్న మాటవుతుంది. మా పంచాయితీ ఈ మూడు మాటలతోనే.

లైబ్రరీ గురించి ఇంత గొడవ ఎందుకు అనేవాళ్లున్నారు. హాస్టల్లో అన్నం సరిగ్గా లేదు, స్కాలర్‌షిప్ టైముకు రాదు, వాటి గురించి మాట్లాడరాదా అంటారు. వాటి గురించి మాట్లాడుతూనే ఉన్నాం. కానీ బొమ్మలు వేసే పిల్లకు, బట్టల డిజైన్ చదివే పిల్లవాడికి లైబ్రరీ పరీక్షలప్పుడు మాత్రమే గుర్తొచ్చే గది కాదు. లెక్కల పిల్లవాడు ఒక్క పాఠ్యపుస్తకంతో ఏడాది గడపగలడు. చిత్రకళ చదివే వాళ్లకు చూడటమే చదువు. వంద రంగులు చూడాలి, వంద గీతలు చూడాలి, గుడ్డను ముట్టి చూడాలి. ఒక్కో ఆర్ట్ పుస్తకం ధర వేలల్లో ఉంటుంది. డబ్బున్న ఇంటి పిల్లలు కొనుక్కుంటారు, ఊర్లు తిరిగి మ్యూజియాలు చూసొస్తారు. తండా పిల్లకు ఉన్నది లైబ్రరీ ఒక్కటే. ఆ పుస్తకం మీద కూడా 'రిఫరెన్స్ మాత్రమే, ఇంటికి ఇవ్వబడదు' అని ముద్ర ఉంటే, ఆ పిల్ల చదువు సాయంత్రం లైబ్రరీ తాళంతో పాటే ఆగిపోతుంది.

ఇక అలమారల దగ్గరికి పోదాం. మన లైబ్రరీల్లో చాలా వాటిలో పుస్తకాలను డ్యూయీ దశాంశ పద్ధతిలో సర్దుతారు. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ తెచ్చిన పద్ధతి అది. దాంట్లో 700 మొదలుకొని కళలు. బొమ్మలు గీయడం 741, అలంకార కళలు 745, బట్ట మీది పని 746. సామాజిక శాస్త్రాలు 300 మొదలుకొని. ఆచారాలు, జానపదం 390 నుంచి. ఇప్పుడు మీరే పోయి చూడండి. ఇటలీ చర్చి గోడ మీద బొమ్మ 700లో ఉంటుంది. జర్మనీ బౌహౌస్ కుర్చీ 700లో ఉంటుంది. లంబాడీ కాంచళి గురించి ఏమన్నా ఉంటే 300లో ఉంటుంది, తెగల అలవాట్ల పక్కన, పెండ్లి తంతుల పక్కన. డ్యూయీ పద్ధతిలో మా కుట్టుకు చోటు లేదా? ఉంది. 746 మా యాడి సూది కోసం కూడా ఉన్న నంబరే. కానీ మా గురించి రాసిన వాళ్లు మమ్మల్ని తెగగా చూసి రాశారు, కళాకారులుగా చూసి రాయలేదు. నంబరు వేసే వాళ్లు దాన్నే నమ్మారు. డిజైన్ చదివే పిల్ల 746 అలమారలో వెతికి, ఏమీ లేదని తిరిగిపోతుంది. పుస్తకం ఉండి కూడా లేనట్టే.

ఇది చిన్న విషయం కాదు. ఏ అలమారలో పెట్టారన్నది మమ్మల్ని ఏ కంటితో చూస్తున్నారో చెబుతుంది. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచినప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ ఒక పని చేశారు. పట్నం చిత్రకారుల బొమ్మలనూ ఆదివాసుల బొమ్మలనూ ఒకే మ్యూజియంలో పక్కపక్కన పెట్టారు. పాటన్‌గఢ్ గోండు పిల్లవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇంటిగోడల మీది నుంచి కాగితం మీదికి, కాన్వాస్ మీదికి వచ్చాడు. అతని వెంట ఒక చిత్రకళా సంప్రదాయమే లోకానికి తెలిసింది. ఆ గోండు చేతులు అంతకు ముందూ ఉన్నాయి. మారింది వాటిని పెట్టిన చోటు. చోటు మారిస్తే చూపు మారింది.

మా వాదనకు వచ్చే జవాబులు మాకు తెలుసు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి జవాబు: ఇప్పుడు లైబ్రరీలెందుకు, అంతా ఫోన్‌లో ఉంది కదా. ప్రభుత్వం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఒప్పుకుంది. మూడేండ్లకు 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు, 6,300 దాకా ప్రభుత్వ విద్యాసంస్థలకు. మంచి పథకమే. మందులు, యంత్రాలు, అణువులు చదివే పిల్లలకు ఎంతో మేలు. మన పిల్లలు అక్కడ కూడా ఉన్నారు, వాళ్లకు దక్కాలి. కానీ ఆ పత్రికలు దాదాపు అన్నీ ఇంగ్లీషువి, వాటిలో అచ్చయ్యేవి పరిశోధన వ్యాసాలు. కుట్టు నేర్చే పిల్లకు కావలసింది గుడ్డ. గుడ్డను తిరగేసి చూడాలి. ముడి ఎక్కడ పడింది, దారం ఎటు నుంచి ఎటు పోయింది, అద్దం చుట్టూ సూది ఎన్నిసార్లు తిరిగింది అన్నది వెనకవైపున కనిపిస్తుంది. ఫోన్‌లో ఏ బొమ్మకూ వెనకవైపు ఉండదు. ఎరుకల గంప అడుగు ఎట్లా మొదలవుతుందో చేతిలోకి తీసుకుంటే తప్ప తెలియదు.

అది లైబ్రరీ పని కాదంటారా? నిఫ్ట్ సంస్థల్లో లైబ్రరీని రిసోర్స్ సెంటర్ అంటారు. అక్కడ పుస్తకాలతో పాటు గుడ్డ నమూనాలు, దుస్తులు కూడా దాచిపెడతారు. హైదరాబాదులో నిఫ్ట్ 1995 నుంచి ఉంది. అంటే ఇది మన నేలమీద జరగని పనేం కాదు. ఫీజు ఎక్కువున్న చోట ఉన్నది, ఫీజు తక్కువున్న చోట ఎందుకు ఉండదన్నదే ప్రశ్న.

రెండో జవాబు: మీ మీద ఎవరూ రాయలేదు, లేని పుస్తకం ఎక్కడి నుంచి తెస్తాం? ఇది నిజం కాదు. 1940లో ఆస్ట్రియా దేశస్థుడు హైమండార్ఫ్ అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితాలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. హైదరాబాదు మాసబ్ ట్యాంకు దగ్గర గిరిజన సంస్కృతి పరిశోధన శిక్షణ సంస్థ 1963 నుంచి ఉంది, దాని మ్యూజియం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. జయధీర్ తిరుమలరావు లాంటి వాళ్లు దశాబ్దాలపాటు ఊళ్లు తిరిగి వాయిద్యాలు, పటాలు, పనిముట్లు పోగుచేశారు. సమాచారం ఉంది. అది మన పిల్లలున్న చోట లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా చెంచు పెంటలోని ముసలవ్వ బొమ్మ లండన్‌కు పోగలిగింది. దాని నకలు మహబూబ్‌నగర్‌కు రాలేదంటే దూరం ఎక్కువై కాదు. అడిగిన వాళ్లు లేక, అడగాల్సిన కుర్చీలో మన మనిషి లేక.

ఇంకో సంగతి. పట్నం డిజైన్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టు పేరు మీద తండాలకు వస్తారు. రెండు రోజులుంటారు, ఫొటోలు తీసుకుంటారు, కుట్ల పేర్లు రాసుకుంటారు. మన ఆడవాళ్లు పని మానుకుని కూర్చొని చెబుతారు. ఆ రిపోర్టు రంగుల్లో అచ్చయి, అట్ట వేసుకుని కాలేజీ లైబ్రరీకి చేరుతుంది. తండాకు ఒక్క కాపీ రాదు. లోపల వెతికితే 'స్థానిక మహిళ' అని ఉంటుంది. ఆమెకు పేరుంది. ఆమె తల్లికి కూడా పేరుంది. రిపోర్టు రాసిన పిల్ల పేరు అట్ట మీద ఉండి, నేర్పిన మనిషి పేరు ఎక్కడా లేకపోతే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మూడో జవాబు అన్నిటికంటే మెత్తగా ఉంటుంది, లోతుగా కోస్తుంది: మీ కళ నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి వచ్చేది, దాన్ని పుస్తకంలో బంధిస్తే చచ్చిపోతుంది కదా. వినసొంపుగానే ఉంది. కానీ లోకం ఎట్లా నడుస్తుందో చూడండి. పసుపు గాయాన్ని మాన్పుతుందని మన ప్రతి అవ్వకూ తెలుసు. 1995లో అమెరికాలో ఆ గుణం మీద పేటెంటు ఇచ్చారు. దాన్ని మన సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అక్కడ గెలిచింది అవ్వ మాట కాదు. పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు తీసి బల్ల మీద పెట్టారు, అవి గెలిచాయి. భౌగోళిక గుర్తింపు సంగతీ అంతే. గద్వాల చీరకు ఆ గుర్తింపు ఉంది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి ఉంది. దానికి దరఖాస్తు పెట్టాలంటే ఆ పని ఆ చోట పుట్టి పెరిగిందని చరిత్ర ఆధారాలు చూపాలి. ఆధారం అంటే కాగితం. కాగితం అంటే లైబ్రరీ. రేపు ఎవరో కంపెనీవాడు మన ఫేటియా అంచును మిషన్ మీద గుద్ది అమ్ముకుంటే, ఇది మాది అని చూపడానికి మన చేతిలో ఏముంది? అందుకే లైబ్రరీ మాకు అలంకారం కాదు. భూమికి పట్టా ఎట్లాగో కళకు అది అట్లాగ.

పట్టా లేకపోతే ఏమవుతుందో పాలమూరుకు ఎవరూ చెప్పనక్కర లేదు. శ్రీరంగాపూర్ పోయి చూడండి. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, దాని గోపురం, చెక్కిన స్తంభాలు, పక్కనే రంగసముద్రం. బొమ్మలు గీసే పిల్లలకు ఒక ఏడాది పాఠం ఆ ఒక్కచోటే దొరుకుతుంది. కట్టించిన రాజుల పేర్లు ఏ పుస్తకం తెరిచినా ఉంటాయి. రాయి మోసిన భుజం, కట్టకు మట్టి పోసిన గంప, ఆ గంప అల్లిన చెయ్యి ఎవరివి? పాలమూరు కూలి దేశమంతా పోయి డ్యాములు కట్టాడు, కాలువలు తవ్వాడు. ఏ డ్యాము మీద అతని పేరుంది? లంబాడీలు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం మోసి రాజ్యాలను బతికించారు. రాజ్యాల చరిత్రలో మా మాట ఎన్ని పేజీలు? గుడి చూసి దండం పెట్టుకునే పిల్లకు, గుడిని గీసుకునే పిల్లకు ఈ ప్రశ్న కూడా రావాలి. వచ్చినప్పుడు జవాబు వెతుక్కునే చోటు ఉండాలి. ఆ పిల్ల చిత్రకళ చదవడానికి నూటయాభై కిలోమీటర్ల అవతల హైదరాబాదు పోతుంది. అక్కడికి పోయినంక తన ఊరి గురించి తనకంటే తక్కువ తెలిసిన అలమార ముందు నిలబడుతుంది.

గ్రంథాలయ శాస్త్రం చదివిన వాళ్లందరికీ ఎస్.ఆర్. రంగనాథన్ తెలుసు. 1931లో ఆయన అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకం దాచడానికి కాదు వాడటానికని, ప్రతి చదువరికీ తన పుస్తకం అందాలని, లైబ్రరీ ఎదుగుతూ ఉండాలని వాటి సారం. పరీక్షలో ఈ సూత్రాలు రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లే ఇవాళ లైబ్రరీ కుర్చీల్లో ఉన్నారు. మేము కొత్త సూత్రం ఏదీ అడగడం లేదు. ఆ పాత సూత్రాలు తండా పిల్లకు కూడా వర్తిస్తాయా అని అడుగుతున్నాం.

అడిగేది గాలిలో వదిలేయకుండా వరుసగా చెబుతాం.

ఒకటి. కళలు, డిజైన్ చెప్పే ప్రతి ప్రభుత్వ యూనివర్సిటీ లైబ్రరీలో నమూనాల గది ఉండాలి. కాంచళి, ఫేటియా, టుక్రీ, గంప, విల్లు, వాయిద్యం అక్కడ ఉండాలి. వాటిని అడుక్కుని తీసుకోవద్దు. చేసిన వాళ్ల దగ్గర సరైన ధరకు కొనాలి. చీటీ మీద తెగ పేరుతో పాటు చేసిన మనిషి పేరు, ఊరు రాయాలి.

రెండు. మా కళ మీద పుస్తకాలను కళల అలమారకు మార్చాలి. మార్చడం కష్టమైతే రెండు చోట్లా వెతికితే దొరికేటట్టు కేటలాగులో రాయాలి. తెలుగులో టైపు చేసినా, గోర్ బోలి పేరు తెలుగు అక్షరాల్లో టైపు చేసినా దొరకాలి. కేతావత్ సోమ్‌లాల్ భగవద్గీతను తెలుగు లిపిలో గోర్ బోలిలోకి తెచ్చి 2024లో పద్మశ్రీ అందుకున్నారు. గీతకు సరిపోయిన లిపి కేటలాగు చీటీకి సరిపోదా?

మూడు. ఖరీదైన పుస్తకాలకు రెండో ప్రతి కొని, ఇంటికి ఇవ్వాలి. కెమెరా, రికార్డరు కూడా పుస్తకం లాగే అప్పుగా ఇవ్వాలి. లైబ్రరీ రాత్రిపూట తెరవాలి, ఆడపిల్లలు భద్రంగా హాస్టల్ చేరే ఏర్పాటుతో సహా.

నాలుగు. లండన్‌లో, హైదరాబాదులో ఉన్న మన ఫొటోల, రికార్డుల నకళ్లు పాలమూరు విశ్వవిద్యాలయానికి తెప్పించాలి. 2008లో మన కోసమని పెట్టిన యూనివర్సిటీ అది. ఆ ఫొటోల్లోని మనుషుల పేర్లు చెప్పగల ముసలివాళ్లు నల్లమల పెంటల్లో ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి. ఆలస్యం చేస్తే ఫొటో మిగులుతుంది, పేరు పోతుంది.

ఐదు. తండాల్లో, పెంటల్లో చేసిన ప్రతి ప్రాజెక్టు రిపోర్టు కాపీ ఆ ఊరి బడికి చేరాలి. చేరిందని బడి సంతకం ఉంటేనే విద్యార్థికి మార్కులు వేయాలి. నేర్పిన వాళ్లకు గెస్టు లెక్చరర్‌కు ఇచ్చినట్టే డబ్బు ఇవ్వాలి. సీతళా భవానీ పాటలైనా, పూజా వస్తువులైనా, బయటికి ఇవ్వవద్దని పెద్దలు అన్నవి బయటికి ఇవ్వకూడదు. ఏది చూపాలో, ఏది చూపకూడదో చెప్పే అధికారం మా వాళ్లదే.

ఇవి జరగనివి కావు. గుజరాత్‌లో తేజ్‌గఢ్ అనే చిన్న ఊళ్లో గణేశ్ దేవీ, ఆయన సహచరులు ఆదివాసీ అకాడమీ కట్టారు. అక్కడ లైబ్రరీ ఉంది, ఆదివాసుల గొంతు వినిపించే మ్యూజియం ఉంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం వచ్చింది. దాని లైబ్రరీ ఇంకా నిండే దశలోనే ఉంటుంది. మొదటి అలమార నింపేటప్పుడే మాట్లాడకపోతే, నిండినంక చోటు లేదంటారు. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. బోర్డు మార్చడం సులువు. లేరన్న వాళ్లకు ఉన్నామని చూపించిన మనిషి పేరు పెట్టుకున్న యూనివర్సిటీలో, గద్వాల పక్క తండా పిల్లకు 'లేవు' అన్న జవాబు రాకూడదు. ఆ పేరుకు అదే గౌరవం.

సార్లూ, మేడమ్‌లూ, మీతో ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల క్లాసుకు ఇచ్చేయకండి. పిల్లల ఇండ్లలో ఉన్నవి రాయించండి: ఎవరు కుట్టారు, ఎవరి దగ్గర నేర్చారు, ఆ కుట్టు పేరేంది. పేజీ కింద తేదీ, ఊరి పేరు వేయించండి. నలభై మంది పిల్లలు రాస్తే నలభై పేజీల పుస్తకం. ఏ యూనివర్సిటీ దగ్గరా లేని పుస్తకం మీ స్టాఫ్ రూములో తయారవుతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు చదివే చోట లైబ్రరీలో పుస్తకం కొనమని అడిగే రిజిస్టరు ఒకటి ఉండాలి. ఉంటే తెరవండి, లేకపోతే పెట్టమనండి. ప్రతి నెలా రాయండి. నోటితో అడిగింది ఎవరికీ గుర్తుండదు, రాసి సంతకం పెట్టింది ఆడిట్‌కు కూడా కనిపిస్తుంది. 'లేవు' అంటే ఆ మాటనే కాగితం మీద రాసివ్వమనండి. మీ ప్రాజెక్టుకు యూరప్ చిత్రకారుడినే తీసుకోవాలని రూలేం లేదు, మీ యాడి సూదిని తీసుకోండి. రిఫరెన్స్ ఏదని అడిగితే ఆమె పేరు రాయండి, ఊరు రాయండి, మాట్లాడిన తేదీ రాయండి. ఇది చెల్లదని గైడు అంటే ఒంటరిగా వాదించకండి, నలుగురు కలిసి పోండి.

354 మందిని పోగేయడానికి అప్పుడు ఒక్క మనిషి పూనుకున్నాడు. ఇప్పుడు మనం వేలల్లో ఉన్నాం, చదువుకున్నాం, చేతిలో ఫోన్లున్నాయి. వచ్చే తీజ్‌లోపు ప్రతి తండా నుంచి ఒక్క కుట్టు, ఒక్క పేరు రాసి పట్టుకొస్తే, లైబ్రరీ తలుపు దగ్గర మనం ఒట్టి చేతులతో నిలబడం. పుస్తకం పట్టుకుని నిలబడతాం. అప్పుడు నంబరు వేయాల్సిన పని వాళ్లది.